పది నిమిషాల సమయం, ఇరవై ఆరు స్లైడ్లు

ఈసారి ఉత్తరాలలో నాలుగు దాదాపు ఒకే సంగతి గురించి వచ్చాయి. నాలుగూ గోదావరి డెల్టా నుంచి వచ్చినవే. ఇంటర్వ్యూలో కొద్ది నిమిషాలు ప్రెజెంటేషన్ ఇవ్వమన్నప్పుడు ఏం చేయాలన్నది అందరి సందేహం. మొదటి ఉత్తరంలో విషయం ఎక్కువ ఉన్నందున దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: ఆక్వాకల్చర్‌లో ఎం.ఎస్సీ. పూర్తి చేసి, రెండేళ్లుగా మా మేనమామ గారి రొయ్యల చెరువుల పని చూస్తున్నాను. ఒక మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూలో ‘మీకు అప్పగించిన గ్రామాల్లో వనామీ రొయ్యల రైతుల మేత వృథా తగ్గించడానికి మొదటి మూడు నెలల్లో ఏం చేస్తారు?’ అన్న అంశంపై పది నిమిషాలు మాట్లాడి, తర్వాత ఐదు నిమిషాలు ప్రశ్నలకు జవాబివ్వమన్నారు. నేను ఇరవై ఆరు స్లైడ్లు తయారు చేశాను. ఇంట్లో చదివి చూస్తే ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అన్నీ ముఖ్యమైనవిగానే కనిపిస్తున్నాయి. వేగంగా చదివితే సరిపోతుందా? స్లైడ్ల పట్టిక జతపరుస్తున్నాను.
– ఒక పాఠకుడు, ఉండి

జవాబు: సరిపోదు. పది నిమిషాల్లో ఆక్వాకల్చర్ అంతా చెప్పడం కుదరదని ఆ అంశం ఇచ్చినవారికి తెలుసు. తెలిసే పది నిమిషాలు ఇచ్చారు. మీకు ఎంత తెలుసో రాత పరీక్షలో చూసేశారు. తెలిసిన వాటిలో ఏది ముందు చేపట్టాలో, ఏది పక్కన పెట్టాలో మీరు తేల్చుకోగలరా అన్నది ఇప్పుడు చూస్తారు. అంటే స్లైడ్లు తీసేయడం దగ్గరే మీ పరీక్ష మొదలైందన్న మాట.

మీ పట్టికలో మొదటి తొమ్మిది స్లైడ్లు కంపెనీ చరిత్ర, ప్రపంచ రొయ్యల ఉత్పత్తి, వనామీ శాస్త్రీయ వర్గీకరణ, 2009లో అది మన దేశపు సాగులోకి వచ్చిన వైనం, రొయ్య శరీర భాగాల బొమ్మ, ఇటువంటివి. కంపెనీ చరిత్రను కంపెనీవారికే వినిపించడం తల్లి పుట్టింటి సంగతులు మేనమామకు చెప్పినట్టు ఉంటుంది. ఆ తొమ్మిదింటినీ నిర్మొహమాటంగా తీసేయండి. వ్యాధుల మీద పెట్టిన ఆరు స్లైడ్లు కూడా, తెల్లమచ్చ వైరస్‌తో సహా, అక్కరలేదు. వారు అడిగింది మేత వృథా గురించి మాత్రమే. ‘ధన్యవాదములు’ అని పూలగుత్తి బొమ్మతో పెట్టిన చివరి స్లైడు గురించి చెప్పనక్కరలేదనుకుంటాను.

ఈ విషయంలో నేను పడిన అవస్థ ఒకటి చెబుతాను. ఉద్యోగ జీవితం తొలినాళ్లలో ఒక సంస్థ ఇంటర్వ్యూలో నాకు ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. అప్పట్లో ప్లాస్టిక్ షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టి చూపేవాళ్లం. ఎనిమిదో నిమిషానికి నేను ఇంకా నేపథ్యం వివరిస్తున్నాను. బోర్డు అధ్యక్షులు చాలా మర్యాదగా, “ఇంతకీ మీరు ఏం చేయమంటారు?” అని అడిగారు. ఆ జవాబు పద్నాలుగో షీటు మీద ఉంది. కంగారులో దానికోసం వెతుకుతుంటే కట్ట చేజారి షీట్లన్నీ నేల మీద పడ్డాయి. ఆ ఉద్యోగం నాకు రాలేదని వేరే చెప్పాలా? ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో తోచిన విషయం ఏమిటంటే, పద్నాలుగో షీటునే మొదట పెట్టి ఉంటే మిగిలిన పదమూడింటిలో పది అవసరమే ఉండేవి కావు.

కాబట్టి మొదటి నిమిషంలోనే మీ నిర్ణయం చెప్పండి. ఉదాహరణకు: “నాకు అప్పగించిన గ్రామాల్లో మొదటి మూడు నెలలు నేను ఒకే పని మీద దృష్టి పెడతాను. రైతు అలవాటుగా వేసే మేత లెక్కకు బదులు, చెక్ ట్రే చూసి పూటపూటకూ మేత లెక్క సవరించుకునేలా ఇరవై చెరువుల్లో అలవాటు చేయిస్తాను.” (చెక్ ట్రే అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెం.) ఈ మాట విన్న తర్వాత వారు మీతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు, మిగిలిన తొమ్మిది నిమిషాలు మాత్రం దేనికోసం వింటున్నారో తెలిసి వింటారు.

రెండో స్లైడులో ఆ పని ఎందుకు ఎంచుకున్నారో డబ్బు లెక్కలో చూపండి. ఎకరం చెరువులో లక్ష పిల్ల వేశారనుకుందాం. 80 శాతం బతికి, 50 కౌంటుకు, అంటే కిలోకు 50 తూగేలా ఒక్కొక్కటి 20 గ్రాములకు వచ్చాక పట్టుబడి చేస్తే 1,600 కిలోలు వస్తాయి. కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టిన చెరువులో 2,400 కిలోల మేత ఖర్చవుతుంది. అదే కిలో మూడు వందల గ్రాములకు తగ్గించగలిగితే 2,080 కిలోలతో సరిపోతుంది. తేడా 320 కిలోలు. మేత ధర కిలో 90 రూపాయలనుకుంటే ఎకరానికి పంటకు 28,800 రూపాయలు. బతికిన శాతం, ధర, నిష్పత్తి అన్నీ మీ మేనమామ గారి చెరువుల పుస్తకంలోంచే తీసుకోండి. నేను వేసినవి పద్ధతి చూపడానికి వేసిన అంకెలు. సొంత పుస్తకంలోని అంకెలైతే ఏ ప్రశ్న వచ్చినా తడుముకోనక్కరలేదు. ప్రపంచ ఉత్పత్తి పటం చేయలేని పనిని ఈ నాలుగు వరుసల లెక్క చేస్తుంది.

తర్వాతి రెండు మూడు స్లైడ్లలో పని ఎలా సాగుతుందో చెప్పండి. ఇక్కడ మీకు ఒక సౌలభ్యం ఉంది. గట్టు మీద రెండేళ్లు తిరిగినవారు మీరు. మేత వేసిన సుమారు రెండు గంటలకు చెక్ ట్రే పైకి తీసి, మిగులు ఉందా, ఖాళీ అయిందా, రొయ్యల పేగులో మేత కనిపిస్తోందా అని చూడటం. అమావాస్య, పౌర్ణమి రోజులకు రొయ్యలు ఎక్కువగా కుబుసం విడుస్తూ మేత తగ్గిస్తాయి గనుక ముందే తగ్గించి వేయించడం. ముసురు పట్టిన రోజున, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిన రోజున ఉదయపు మేత ఆలస్యం చేయించడం. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెంచుతుంది గనుక ఈ వృథా నష్టం మేత ధరతో ఆగదని రైతుకు చూపడం – ఇవి పుస్తకాల్లో ఉన్నవే అయినా, చేసిన మనిషి నోట విన్నప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్క చెరువులో, ఒక్క రోజు జరిగిన సంగతి చెప్పండి. ఎక్కువ వద్దు.

ఇక అసలు చిక్కు. అమ్మేది మేత కంపెనీ. ‘మా టెక్నీషియనే తిరిగి రైతు చేత మేత తక్కువ కొనిపిస్తే మాకేం మిగులుతుంది?’ అని బోర్డులో ఒకరైనా అడుగుతారని నా నమ్మకం. అడగకపోయినా మనసులో అనుకుంటారు. మీ ఇరవై ఆరు స్లైడ్లలో దీని ప్రస్తావనే లేదు. మన ప్రాంతంలో చాలామంది రైతులు డీలరు దగ్గర మేత అప్పు మీద తెచ్చి పట్టుబడి నాడు తీరుస్తారు. పంట దెబ్బతింటే ముందు ఆగేది డీలరు బాకీ, దాని వెనుకే డీలరు నుంచి కంపెనీకి రావలసిన సొమ్ము. మేత గిట్టుబాటైన రైతు తర్వాతి పంటకు అదే బ్రాండు అడుగుతాడు, పక్క గట్టు రైతుకు చెబుతాడు. గిట్టుబాటు కానివాడు బ్రాండు మారుస్తాడు, లేదా చెరువే ఖాళీగా వదిలేస్తాడు. ఈ సంగతిని వారు అడిగేదాకా దాచకుండా ఏడో నిమిషంలో మీరే ఎత్తి, మీ జవాబు మీరే చెప్పండి. నా లెక్కలో ఉద్యోగం తేలేది ఇక్కడే.

ఇలా చేస్తే మీకు ఐదు, మహా అయితే ఆరు స్లైడ్లు చాలు. ఒక్కో స్లైడు మీద గది చివర కూర్చున్నవారికి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు, 24 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. తెర మీది వాక్యాలనే మీరు మళ్లీ చదవకూడదు. వారు మీకంటే వేగంగా చదివేసి మీ గొంతు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తారు. తీసేసిన స్లైడ్లలో వ్యాధులవి, ఖర్చులవి ‘ధన్యవాదములు’ ఉన్నచోట అదనపు కట్టగా ఉంచుకోండి. ప్రశ్న వస్తే స్లైడు సంఖ్య టైప్ చేసి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. అందుకు ఏ సంఖ్యలో ఏముందో చిన్న చీటీ రాసి జేబులో పెట్టుకోండి.

సాధన సంగతి. మనసులో చదువుకోవడం సాధన కిందికి రాదు. నిలబడి, బయటికి గొంతెత్తి, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ మాట్లాడండి. గడియారం ఎనిమిదిన్నర నిమిషాలు చూపేసరికి ముగియాలి. ఎందుకంటే ఇంటర్వ్యూ గదిలో తలుపు తీయడం, నమస్కారం, కంప్యూటరు కదలకపోవడం, మధ్యలో ఒకరి ప్రశ్న, వీటన్నిటికీ ఆ మిగిలిన నిమిషంన్నరే ఉంటుంది. సమయం మించుతోందనిపిస్తే ఏ స్లైడు వదిలేయాలో ముందే గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం కంఠస్థం చేయండి. మధ్యలోది కంఠస్థం చేస్తే ఒక మాట మరిచిపోయినప్పుడు మొత్తం ఆగిపోతుంది.

సాధన ఎవరి ముందు చేయాలంటే, తోటి విద్యార్థుల ముందు కాదు. వారు బాగుందంటారు. మీ మేనమామ గారిని ఒక సాయంత్రం గట్టు మీద కూర్చోబెట్టి వినిపించండి. “నువ్వు చెప్పినట్టు రాత్రి మేతకు ట్రే చూసేవాడు ఎవడ్రా? కూలి ఎవరిస్తారు?” అని ఆయన అడిగే ప్రశ్నే బోర్డులోనూ వస్తుంది. అక్కడ ఏ భాషలో మాట్లాడాలో పిలుపు పంపినవారిని ఇప్పుడే రాసి అడగండి. ఇంగ్లీషులోనే అంటే సాధనంతా ఇంగ్లీషులోనే చేయాలి. అయినా చెక్ ట్రే, కౌంటు, గట్టు వంటి మాటలకు కొత్త పేర్లు వెతకవద్దు.

ప్రశ్న: ఒక ప్రైవేటు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం టీచరు ఉద్యోగానికి ఏడు నిమిషాల డెమో క్లాసు చెప్పమన్నారు. అంశం ధవళేశ్వరం ఆనకట్ట. బోర్డు సభ్యులే పిల్లల్లా కూర్చుంటారట. నేను ప్రొజెక్టర్ మీద ఫోటోలతో పాఠం సిద్ధం చేశాను. తీరా అక్కడ నల్లబల్ల మాత్రమే ఉందన్నారు. తేదీలు, అంకెలు చాలా సేకరించాను. భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఈ పాఠానికి నల్లబల్లే మేలు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలే బొమ్మను మూడు గీతల్లో వేయవచ్చు. గౌతమికి తూర్పున తూర్పు డెల్టా, రెండు పాయల మధ్య మీ కోనసీమ ఉన్న మధ్య డెల్టా, వశిష్ఠకు పడమట పశ్చిమ డెల్టా. ఆ గీతల మీదే పాఠమంతా నడుస్తుంది. పిల్లల కళ్ల ముందు గీసే బొమ్మ వారి నోటుపుస్తకంలోకి కూడా వెళ్తుంది, ఫోటో వెళ్లదు.

ఏడు నిమిషాలకు ఒకే ప్రశ్న పెట్టుకోండి. నేనైతే ఇది ఎంచుకుంటాను: ‘పక్కనే ఇంత పెద్ద నది ఉండగా ఇక్కడ కరవు ఎందుకు వచ్చింది?’ 1832–33 నాటి కరవు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన తుపాను వంటి దెబ్బల తర్వాత ఈ ప్రాంతం ఎంత చితికిపోయిందో రెండు వాక్యాల్లో చెప్పి, ఆ ప్రశ్న అడిగి, ఒక్క క్షణం ఆగండి. ఎవరైనా జవాబు చెప్పబోతే చెప్పనివ్వండి. ఆ తర్వాత అసలు సంగతి: వరదలప్పుడు నది పొలాలను ముంచేది, వరద తీశాక నీరు పొలాలకంటే పల్లంలో పారి సముద్రంలోకి పోయేది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట ఆ నీటి మట్టాన్ని పైకెత్తి, తలుపుల గుండా కాలువల్లోకి మళ్లించింది. ఆనకట్ట అనగానే పిల్లలు నీళ్లు నిల్వ చేసే పెద్ద జలాశయాన్ని ఊహించుకుంటారు. ఆ పొరపాటును మీరు ముందే ఊహించి సరిచేస్తే, టీచరుగా మీ విలువ బోర్డుకు అర్థమవుతుంది.

మీరు సేకరించిన మిగిలిన అంకెలు చెప్పవద్దు, కానీ మరిచిపోనూ వద్దు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982లో పూర్తయిందని, పాత ఆనకట్ట వేరని, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంచుకోండి. పిల్లలుగా కూర్చున్న పెద్దలలో ఒకరు అల్లరి పిల్లవాడిలా నటించి పక్కదారి పట్టించవచ్చు. కోప్పడవద్దు, నవ్వేసి వదలవద్దు. “మీ ఊళ్లో కాలువకు నీళ్లు ఏ నెలలో ఆపేస్తారో నువ్వు చెప్పు” అని అతణ్నే పాఠంలోకి లాగండి.

నల్లబల్ల మీద రాస్తున్నంతసేపు మాట్లాడకండి. బల్లతో మాట్లాడే టీచరు మాట వెనుక వరుసకు వినపడదు. పక్కకు జరిగి నిలబడి, తిరిగి, అప్పుడు చెప్పండి. సుద్దముక్క మీరే తీసుకెళ్లండి.

ప్రశ్న: తణుకులో ఒక నెట్ సెంటరులో తెలుగులో టైపు చేయించిన స్లైడ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే, ఇంటర్వ్యూ గదిలోని కంప్యూటరులో తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించింది. నా తప్పేమిటి? వచ్చే నెలలో మరో ఇంటర్వ్యూ ఉంది.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ స్లైడ్లను బహుశా అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అవి పైకి తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అసలు రూపం బయటపడుతుంది. ఈసారి యూనికోడ్‌లోనే టైపు చేయించండి, పైగా పీడీఎఫ్ ప్రతి ఒకటి తీయించండి. సాధారణంగా పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ ఈమెయిల్‌లో, ఆరు ప్రింట్లు సంచిలో ఉండాలి. కరెంటు పోతే ఆ ఆరు కాగితాలే మీ ప్రొజెక్టర్. తెర మీది బొమ్మ నుంచి వారి చూపు మీ వైపు తిప్పాలనుకున్నప్పుడు, పవర్‌పాయింట్ షోలో బి అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హైదరాబాదు కంపెనీకి ఆన్‌లైన్‌లో ఎనిమిది నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాలి. మా ఊళ్లో కరెంటు, నెట్టు రెండూ నమ్మకం లేనివే. పైగా నేను ప్రతి మాటకూ ‘అండి’ అంటానని, ‘ఆయ్’ అంటానని స్నేహితులు ఆటపట్టిస్తున్నారు. యాస మార్చుకోవాలా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ముందు నెట్టు సంగతి. వీలైతే ఆ పూటకు అమలాపురంలోనో, నరసాపురంలోనో బంధువుల ఇంటికి వెళ్లండి. కాకపోతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఛార్జి చేసి, వేరే కంపెనీ సిమ్ ఉన్న రెండో ఫోన్ హాట్‌స్పాట్‌కు సిద్ధంగా ఉంచుకోండి. స్లైడ్లను ముందురోజే వారికి ఈమెయిల్ చేసి, “మధ్యలో సంబంధం తెగితే రెండు నిమిషాల్లో తిరిగి వస్తాను, అప్పటికీ కుదరకపోతే ఫోన్‌లో కొనసాగిస్తాను” అని రాయండి. స్లైడ్లున్న కిటికీని మాత్రమే పంచుకోండి, తెర మొత్తం వద్దు; మీ పెదనాన్నగారి వాట్సాప్ సందేశం బోర్డువారు చదవనవసరం లేదు. కెమెరా కళ్ల ఎత్తులో ఉండేలా ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టండి.

యాస మార్చుకోనక్కరలేదు. ఎనిమిది నిమిషాల కోసం అరువు తెచ్చుకున్న గొంతు ఐదో నిమిషానికే జారిపోతుంది, అప్పటి నుంచి మీ ధ్యాస విషయం మీద కాకుండా గొంతు మీద ఉంటుంది. తగ్గించుకోవలసింది వేగం. మనవైపు వాక్యాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పరుగెత్తుతాయి, ఆన్‌లైన్‌లో ఆ చివర్లు వినపడవు. స్లైడు మారినప్పుడల్లా మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి మాట్లాడండి. ‘అండి’ వల్ల ఎవరికీ నష్టం లేదు. ‘ఆయ్’ అంటే అవునన్న జవాబని హైదరాబాదులో అందరికీ తెలియకపోవచ్చు గనుక, వారు ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ‘అవునండి’ అనండి.